ఎర్ర అక్షరాలు తీసేసిన పేజీ

ఆగిపోయిన పని తాను ఆగిపోయానని చెప్పకపోవడాన్ని మించిన అపరాధం కార్యాలయాల్లో మరొకటి లేదని ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళ నుంచీ నమ్ముతూ వచ్చాను. ఆ నమ్మకం మొదట కాగితం మీద ఏర్పడింది. దాన్ని నాకు కోపంగా మార్చింది మాత్రం ఒక కంప్యూటర్ తెర, దాని ముందు చప్పట్లు కొట్టిన పెద్దమనుషులు.

ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయపు పరీక్షల విభాగంలో పదవీ విరమణ పొందాక, రెండు వేల దశకం నడిమి సంవత్సరాల్లో, గ్రేటర్ నోయిడాలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పరీక్షల అధికారిగా కుదురుకున్నాను. మయూర్ విహార్‌లోని మా సొసైటీ గేటు ముందే కళాశాల బస్సు ఎక్కేవాణ్ణి. నోయిడా దాటి పొలాలు, సగం కట్టిన గోడలు మొదలయ్యేసరికి సంచిలోంచి పుస్తకం తీసి ముందురోజు ఎవరు ఏమన్నారో రాసుకోవడం నా అలవాటు. ఇక్కడ చెప్పబోయే సంభాషణలు చాలావరకు ఆ బస్సులో రాసుకున్నవే. జ్ఞాపకాన్నే నమ్ముకుంటే కోపం కొన్నాళ్ళకు మెత్తబడుతుంది. రాసి పెట్టుకున్న కోపం అలాగే ఉంటుంది.

మార్కులు చేత్తో ఎక్కించే రోజుల్లో మాకొక పద్ధతి ఉండేది. షీటు నింపుతూ ఎక్కడ ఆపితే అక్కడ ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, "ఈ నంబరు వరకు" అని రాసి సంతకం పెట్టాలి. టీకి లేచినా, కరెంటు పోయినా, ఇంటి నుంచి కబురు వచ్చి పరిగెత్తవలసి వచ్చినా సరే, గీత గీయకుండా కుర్చీ వదలకూడదు. గీత లేని షీటును మా పై అధికారి చూసేవాడే కాడు. బల్ల అవతలికి తోసేసేవాడు. మనిషి అలిసిపోతాడని ఆ పద్ధతి పెట్టినవాళ్ళకు తెలుసు. ఎక్కడ అలిసిపోయాడో తర్వాతివాడికి తెలియాలన్నదే వాళ్ళ పట్టుదల.

కళాశాలలో ఈ పనంతా కంప్యూటర్ చేసేది. అధ్యాపకులు సెమిస్టరు పొడుగునా ఇచ్చే సెషనల్ మార్కులు ఒకచోట ఉండేవి, రాతపరీక్ష మార్కులు మరోచోట ఉండేవి. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచి, అందులో ఉన్న బటన్ నొక్కితే, రోల్ నంబర్ల వరసలో ఒక్కొక్క విద్యార్థికీ ఆ రెండూ కలిపి పాసో ఫెయిలో తేల్చేది. ఈ ఏర్పాటు చేసిన ప్రోగ్రామర్ వరంగల్ వైపు ఆవిడ. ముప్పై దాటి ఉంటుంది, కాంట్రాక్టు ఉద్యోగం. నిజానికి ఆ పని ఆవిడ తన గదిలో కూర్చుని, నేరుగా సర్వర్ మీద నడిపించగలదు. కానీ కళాశాలలో ఒక ఆచారం పాతుకుపోయింది. ఫలితాలు గోప్యమైనవి కనుక ఆ బటన్ డైరెక్టర్ గారి గదిలో, డైరెక్టర్ గారి చేతి మీదుగానే నొక్కబడాలి.

గోప్యత అన్నారు గాని, ఆ గదిలో సోఫాలు నిండేవి. విభాగాధిపతులంతా వచ్చేవారు. సమోసాలు, బర్ఫీ వచ్చేవి. డైరెక్టర్ గారు బూట్లు విప్పి, కళ్ళు మూసుకుని ఒక క్షణం ప్రార్థించి, అప్పుడు మౌస్ మీద చెయ్యి వేసేవారు. ఒక యంత్రం చేత లెక్క చేయించడానికి ఇంత తతంగం నేనెక్కడా చూడలేదు.

నేను చేరడానికి ముందు ఏడాది, ఈ తతంగం చూడడానికి ఛైర్మన్ గారు కూడా వచ్చారట. బటన్ నొక్కిన కాసేపటికి పని మధ్యలో ఆగి, తెర మీద ఎర్ర అక్షరాల్లో ఇంగ్లీషు వాక్యాలు పడ్డాయట. వాటిలో మొదటి మాట "ఫేటల్", అంటే ప్రాణం తీసేది. ఛైర్మన్ గారు వ్యాపారస్థులు.

"యే ఫేటల్ క్యా హై భాయ్? కౌన్ మర్ గయా?" అని అడిగారట.

ఎవరూ పోలేదనీ, పని ఆగిందనీ, మళ్ళీ చేస్తే సరిపోతుందనీ చెప్పడానికి ఆ గదిలో ఎవరికీ నోరు రాలేదు. మర్నాడు డైరెక్టర్ గారు ప్రోగ్రామర్‌ను పిలిచి, ఇక మీదట ఆ ఎర్ర అక్షరాలు తెర మీద కనిపించకూడదని ఆజ్ఞాపించారు. పని ఆగకుండా చూడమని అనలేదు. ఆగితే కనబడకూడదన్నారు. చదువుకున్నవాడు, ఇంజనీరింగ్ పాఠాలు చెప్పినవాడు ఇచ్చిన ఆజ్ఞ అది.

నేను చూసిన మొదటి బటన్ పండుగ ఆ ఆజ్ఞ తర్వాత జరిగినదే. డైరెక్టర్ గారు నొక్కారు. తెర అడుగున నీలం గీత పాకుతూ పోయింది. సమోసాలు ఒక వంతు అయ్యాయి. హఠాత్తుగా పేజీ తెల్లబడింది. అక్షరం లేదు, అంకె లేదు.

"హో గయా!" అన్నారు డైరెక్టర్ గారు. "ఎక్కడా ఎరుపు లేదు. ఏక్‌దమ్ క్లీన్!"

సోఫాలు చప్పట్లు కొట్టాయి. నేను లేచి నిలబడి అడిగాను.

"చివరి నంబరు వరకు అయినట్టు ఎక్కడ రాసి ఉంది?"

"సర్‌జీ, తప్పు ఉంటే చెప్పేది కదా! చెప్పలేదంటే లేదు."

"చెప్పవద్దని మీరే కదా దానికి చెప్పారు?"

ఆయన నవ్వి బర్ఫీ పళ్ళెం నా వైపు జరిపారు. నేను ముట్టుకోలేదు.

ఫలితాలు నా సంతకం కోసం ఆగకుండానే నోటీసు బోర్డుకు ఎక్కాయి. జాబితా చివర ఉండేది డిప్లొమా పిల్లలు. పాలిటెక్నిక్‌లో చదివి, నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్ళు కనుక వాళ్ళ రోల్ నంబర్లు అందరి తర్వాత వస్తాయి. ఆ చివరి భాగమంతా, ఒక్కరు మిగలకుండా, ఫెయిల్. నేను బోర్డు దగ్గర నిలబడి ఉండగానే ఒక విభాగాధిపతి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని చూసి, "డిప్లొమా వాలే హైఁ, ఔర్ క్యా" అని, డిప్లొమావాళ్ళ నుంచి ఇంకేం ఆశిస్తాం అన్నట్టు వెళ్ళిపోయారు.

నన్ను ఇవాళ్టికీ మండించేది ఆ మాటే. ఒక వరసలో ఉన్న పిల్లలంతా అన్ని పేపర్లలోనూ తప్పితే ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. అదే మొదటి నంబరు కుర్రాడు తప్పి ఉంటే సాయంత్రానికల్లా కళాశాల తలకిందులయ్యేది. యంత్రం చేసిన తప్పు వాళ్ళ మనసులోని అభిప్రాయంతో సరిపోయింది కనుక, దాన్ని తప్పు అనుకోవలసిన అవసరం వాళ్ళకు కనబడలేదు.

మర్నాడు ఒక తండ్రి, కూతురు పరీక్షల విభాగానికి వచ్చారు. ఆయనది శ్రీకాకుళం వైపు. సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉంటూ, ఏదో మంత్రిత్వ శాఖలో పనిచేస్తున్నారు. ఆ అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఎక్కువగా హిందీలో వస్తుంది.

"ఏటండి బాబూ ఇది?" అన్నాడాయన, కుర్చీ చూపినా కూర్చోకుండా. "చిన్నప్పట్నించి ఒక్క సబ్జెక్టు తప్పలేదండి మా పాప. వచ్చే సోమవారం కంపెనీవోళ్ళొస్తన్నారంట. ఫెయిలున్నోళ్ళని గేటుకాడే ఆపేస్తారంట. నేను వచ్చే ఏడు రిటైరైపోతాను, క్వార్టర్ ఖాళీ చేసెయ్యాల. డిప్లొమావోళ్ళని కూడా కూర్చోబెడతానన్నది ఈ ఒక్క కంపెనీయేనంట బాబూ. మీరే ఎలాగోలాగ దయ చూపాల."

"పాపా, దయా నహీఁ చాహియే," అంది ఆ అమ్మాయి తండ్రితో చిరాగ్గా. నా వైపు తిరిగింది. "అంకుల్, ఆప్ ఏక్ బార్ బోర్డ్ పే చలియే. ప్లీజ్."

తండ్రి కంగారుపడ్డాడు. "అంకులేటే? సార్ అనాలి."

"అంకుల్ సర్, చలియే," అంది.

బోర్డు దగ్గర ఆమె తన నంబరు చూపలేదు. తనకన్నా పైన ఉన్న ఒక విద్యార్థి వరస మీద వేలు పెట్టింది. అతనికి మొదటి నాలుగు పేపర్లలో సెషనల్ మార్కులు కలిశాయి. చివరి రెండింటిలో ఆ గడులు ఖాళీ. అతని పైన ఉన్నవాళ్ళందరికీ ఆరు పేపర్లలోనూ మార్కులున్నాయి. అతని కింద ఉన్నవాళ్ళలో ఒక్కరికీ, ఒక్క పేపరులోనూ లేవు.

"యహీఁ పే రుక్ గయా, అంకుల్," అంది. "ఇతని మధ్యలో ఆగిపోయింది. మై ఫెయిల్ నహీఁ హూఁ. మేరీ బారీ హీ నహీఁ ఆయీ."

నా వంతే రాలేదు, అంటోంది. కలపని మార్కులను ఆ ఏర్పాటు ఫెయిల్‌గానే అచ్చువేస్తుంది. మా పాత పద్ధతిలో అయితే ఎర్ర గీత ఉండవలసిన చోటు అదే. బోర్డు మీద, నలుగురి కళ్ళెదుట, రోజంతా ఉంది. విభాగాధిపతి గారి కళ్ళజోడు దాని మీదుగానే జారిపోయింది.

నేను నేరుగా ప్రోగ్రామర్ గదికి వెళ్ళాను. నేను చెప్పింది విని ఆవిడ కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు.

"నేను పోయినేడే చెప్పిన సార్. ఎర్రక్షరాలు తీసెయ్యమన్నరు, తీసేసిన. తీసేస్తె తప్పు పోతదా? కనపడకుంట అయితది, గంతే."

"అసలు ఆగడం ఎందుకు?"

"పేజీ అడిగినంక సర్వర్ కొద్దిసేపే చూస్తది సార్. గా టైములోపల పని ఒడువకుంటె, ఇగ ఒడువదని తెంపేస్తది. టైమౌట్ అంటరు. ఒక్కని పని ఎడతెగకుంట నడిస్తె మిగిలినోళ్ళ పేజీలు ఆగిపోతయని గా కట్టుబాటు. ఇదివరకు పిల్లలు తక్కువ, ఎట్లనో ఎల్లిపోయేది. ఇప్పుడు బ్రాంచిలు పెరిగినయి."

"ఆ సమయం పెంచకూడదా?"

"నేను రాసిన స్క్రిప్టుకి పెంచిన. దాని ముంగట వెబ్ సర్వర్‌ది ఇంకో గడువుంటది. అది కిరాయి సర్వర్, మనల్ని ముట్టనియ్యరు. అయినా పెంచుకుంట పోతె ఎందాక పెంచుతం సార్? వచ్చేడు ఇంకిన్ని సీట్లొస్తయి." ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుంది. "ఒక్కపారే అంతమందిని ఎత్తుకోవద్దు. కొంతమందిని చెయ్యాలె, ఎవరిదాక అయిందో రాసిపెట్టుకోవాలె, మల్ల ఆడికెల్లి మొదలుపెట్టాలె. లేకుంటె బ్రౌజరే లేకుంట సర్వర్ మీదనే నడిపియ్యాలె. రెండూ చెప్పిన. గోప్యత అన్నరు!"

ఆ చివరి మాట అని ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎవరిదాక అయిందో రాసిపెట్టుకోవాలన్నది మా పాత షీట్ల మీది గీత. ఈ యంత్రం తయారుచేసినవాళ్ళకూ ఆ గీత విలువ తెలుసు. తెలియనిది మధ్యలో సోఫాల మీద కూర్చున్నవాళ్ళకే.

ఇద్దరం కలిసి డైరెక్టర్ గారి గదికి వెళ్ళాం. నేను విషయం మొదటి నుంచి, వరసగా చెప్పాను. ఆయన సగం విని, "తో ఫిర్ సే దబా దేతే హైఁ, ఇందులో ఏముంది?" అంటూ మౌస్ అందుకున్నారు.

"సార్, వద్దు సార్!" అని ఆవిడ అరిచేసరికే నొక్కేశారు.

నీలం గీత పాకింది. పేజీ మళ్ళీ తెల్లబడింది. ఆవిడ తల పట్టుకుంది. కారణం తర్వాత చెప్పింది. ఆ సెమిస్టరులో ఒక పేపరు మరీ కష్టంగా వచ్చిందని అందరికీ కొన్ని మార్కులు కలపాలని నిర్ణయించారు. ఆ కలిపే పని కూడా ఆ బటన్‌దే. మళ్ళీ నొక్కేసరికి స్క్రిప్టు మళ్ళీ మొదటి నంబరు నుంచి బయలుదేరింది. ముందున్నవాళ్ళకు ఆ మార్కులు రెండోసారి కలిపింది. మళ్ళీ అదే ప్రాంతంలో చతికిలబడింది. చివరివాళ్ళకు మొదటిసారివే ఇంకా అందలేదు.

కొత్త జాబితా తెప్పించుకుని చూసిన డైరెక్టర్ గారి ముఖం వెలిగింది.

"దేఖా? పాస్ పర్సెంటేజ్ బఢ్ గయా!"

పాసైనవాళ్ళ శాతం పెరిగిందట! నా జీవితంలో అంత నిర్మలమైన అజ్ఞానాన్ని అంత దగ్గరగా చూడలేదు. ఫలితాల మీద పరీక్షల అధికారి సంతకం లేనిదే జాబితా ప్లేస్‌మెంట్ విభాగానికి పోదు. నేను కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను.

"ఈ జాబితా మీద సంతకం పెట్టను."

"సర్‌జీ, మీ వయసుకు ఇంత గుస్సా మంచిది కాదు. మీరింకా రిజిస్టర్ల కాలంలోనే ఉన్నారు."

"ఆ కాలంలో చివరి నంబరుకు కూడా మార్కులు పడేవి."

సోమవారం దగ్గరపడుతోంది. సంతకం లేకపోతే చివరివాళ్ళే కాదు, మొదటివాళ్ళూ కంపెనీ ముందు కూర్చోలేరు. మొదటివాళ్ళ తండ్రుల్లో ఛైర్మన్ గారి స్నేహితులు ఉన్నారు. డైరెక్టర్ గారిని కదిలించింది ఆ సంగతే. ఇది నా ఊహ అని ఎవరైనా అంటే, మర్నాడు ఆయన అన్న మాట చూపిస్తాను: "పైవాళ్ళ పిల్లలు ఇబ్బంది పడకూడదు, జో కర్‌నా హై కీజియే, ఏం చేయాలో చేయండి."

గోప్యతను మాత్రం వదులుకోలేదు. పని ఆయన గదిలోనే, ఆయన లాగిన్‌తోనే జరగాలి. సరేనన్నాం. మొదటిసారి బటన్ నొక్కక ముందు తీసిపెట్టుకున్న మార్కుల నకలును ప్రోగ్రామర్ మళ్ళీ ఎక్కించింది. విద్యార్థులను చిన్న చిన్న జట్లుగా విడగొట్టింది. ఒక్కొక్క జట్టు కాగానే పేజీ అడుగున "ఈ నంబరు వరకు అయింది" అన్న వాక్యం పడేటట్టు చేసింది. ఒక జట్టు మధ్యలో ఆగితే దాని సగం మార్కులు నిలవకుండా, జట్టంతా మొదటి స్థితికి వచ్చేటట్టు కూడా చూసింది. ఆ వాక్యం ఎర్ర రంగులో ఉండాలని నేను కోరాను. డైరెక్టర్ గారు ఒప్పుకోలేదు.

"లాల్ నహీఁ. అశుభం. గులాబీ పెట్టండి."

అలా మా కళాశాల సత్యం లేత గులాబీ రంగులో వెలువడింది. మొదటి జట్లకు సోఫాలు నిండుగానే ఉన్నాయి. పని నెమ్మదిగా సాగుతుంటే ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. డిప్లొమా పిల్లల వంతు వచ్చేసరికి గదిలో మేమిద్దరమూ, ఫోనులో మాట్లాడుకుంటున్న డైరెక్టర్ గారూ మిగిలాం. చివరి నంబరు గులాబీ రంగులో తేలింది. ఆ అమ్మాయి ఆరు పేపర్లూ పాసయింది. ఒకదానిలో ఆమెవి తరగతిలోకెల్లా మంచి మార్కులు. అప్పుడు సంతకం పెట్టాను.

మర్నాడు బోర్డు మీద కొత్త జాబితాతో పాటు ఒక నోటీసు అతికించారు. "విద్యార్థుల అభ్యర్థనను సానుభూతితో పరిశీలించి సవరించిన ఫలితాలు" అని దాని సారాంశం. సానుభూతి! ఒకరి పళ్ళెంలో అన్నం వడ్డించడం మరిచిపోయి, అడిగితే వడ్డించి, దానం చేశామని చెప్పుకున్నట్టుంది. ఆ మాట తీసేయాలని అప్పటికప్పుడు లేఖ రాసి ఇచ్చాను. లేఖ అందినట్టు సంతకం కూడా తీసుకున్నాను.

సోమవారం కంపెనీవాళ్ళు వచ్చారు. ఇంటర్వ్యూలు రోల్ నంబర్ల వరసలో నడిచాయి. డిప్లొమా పిల్లలు ఉదయం నుంచీ నడవలో, ఇస్త్రీ చొక్కాల్లో, ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రం నేను బస్సుకు బయలుదేరుతుండగా ప్లేస్‌మెంట్ అధికారి వాళ్ళతో అంటున్న మాట చెవిన పడింది.

"టైమ్ ఖతమ్. కంపెనీవాళ్ళు ఢిల్లీ వెళ్ళిపోవాలి. మీరు ఇళ్ళకు వెళ్ళండి. అవసరమైతే పిలుస్తారు."

ఆ అమ్మాయి నన్ను చూసింది. ఒళ్ళోని ఫైలు మూసింది.

నేను మెట్లు దిగి, పోర్టికోలో కంపెనీవాళ్ళ కారు ఎక్కబోతున్న అధికారి ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఆయన ఎవరో ఏమిటో నాకు తెలియదు. నడివయసు మనిషి, చేతిలో జాబితా ఉంది.

"మీరు ఎవరి దగ్గర ఆగారు?" అని అడిగాను.

ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. జాబితా తెరిచి వేలు పెట్టి చూపించారు.

"అక్కడ ఒక గీత గీయండి. రేపు ఆ కింది నుంచి మొదలుపెట్టండి. ఈ పిల్లలకు మొన్న మా సర్వర్ ఇదే చేసింది. మనుషులు కూడా చేస్తే మేము ఎవరికి చెప్పుకోవాలి?"

ప్లేస్‌మెంట్ అధికారి పరుగున వచ్చాడు. "సర్, ఛోడియే, వాళ్ళంతా డిప్లొమా..."

"నేనూ డిప్లొమాయే," అన్నారు కంపెనీ అధికారి, అతని వైపు చూడకుండా. సర్వర్ సంగతి ఏమిటని నన్ను అడిగి, కారు తలుపు పట్టుకునే రెండు ముక్కల్లో విన్నారు. కలం తీసి జాబితా మీద గీత గీశారు. "రేపు ఉదయం నోయిడాలో మా ఆఫీసుకు పంపండి. అందరినీ."

అందరూ వెళ్ళారు. వారం తిరక్కుండా అలా వెళ్ళినవాళ్ళలో ఇద్దరికి ఉద్యోగాలు వచ్చాయి. ఆ ఇద్దరిలో ఈ అమ్మాయి లేదు. తండ్రితో కలిసి నా గదికి వచ్చింది. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాను.

"అంకుల్, ఇస్ బార్ సచ్‌ముచ్ ఫెయిల్ హో గయీ," అంది. ముఖం వాడిపోయి ఉంది గాని గొంతు నిలకడగా ఉంది. "వాళ్ళు అడిగారు. ముఝే నహీఁ ఆయా. వో మేరా హై."

జవాబు నాకు రాలేదు, ఈసారి తప్పడం నిజంగా నాదే, అంటోంది. తండ్రి గోడకేసి చూస్తూ, "ఇంకో కంపెనీ రాకపోద్దా బాబూ," అన్నాడు.

"వస్తుందండి. ఆ జాబితా మీద కూడా నేనే సంతకం పెడతాను," అన్నాను.

వెళ్ళబోతూ ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. "బోర్డు మీద ఆ సానుభూతి తీయించారా, అంకుల్?"

"లేఖ ఇచ్చాను. ఇంకా తీయలేదు."

"హట్‌వాయియే," అంది. తీయించండి.

తీయించలేకపోయాను. రెండో లేఖ రాశాను, మూడోది రాశాను. దేనికీ జవాబు లేదు. కొన్నాళ్ళకు క్రీడోత్సవాల ప్రకటన ఒకటి వచ్చి ఆ నోటీసు మీద అతుక్కుంది. పైనున్న సగం పేజీని కప్పింది. కింది సగంలో "సానుభూతి" అన్న ఆ మాట ఒక్కటీ, నేను ఆ ఉద్యోగం మానేసేదాకా, అలాగే కనబడుతూ ఉండేది.